మూడడుగుల మన్ను: అఫ్జల్‌గంజ్ చింతవృక్షం, వృక్షజీవ విచారం

కీలక నామ సంవత్సరం, ఆశ్వయుజ శుక్లపక్షం. శరన్నవరాత్రులు ఆరంభమై రెండు మూడు దినాలు మాత్రమే గడిచాయి. రంజాన్ మాసం కూడా ఆ ఏడు సరిగా ఆ దినాలలోనే ప్రవేశించింది. 1908 సెప్టెంబరు 28, సోమవారం నాడు భాగ్యనగరంలో ఏ ఇంటా పూజ సాగలేదు, ఏ ఇంటా ఉపవాసదీక్ష ప్రశాంతంగా గడవలేదు. ఎగువ పరీవాహంలో సుమారు ఎనిమిది వందల చెరువులు ఉండేవి. వాటిలో రెండు వందలకు పైగా గట్లు తెగి, ఒకదాని నీరు మరొకదానిని తెంచుతూ వచ్చి, ఆ జలరాశి అంతా మూసీగా నగరం మీద పడింది. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ తెగిపోయాయి. కుతుబ్‌షాహీల కాలంలో 1578లో కట్టిన పురానాపూల్ మాత్రం నిలిచింది. మృతులు పదిహేను వేలమంది అన్నది సాధారణంగా చెప్పే లెక్క.

ఆ దినాన ఉత్తరపు ఒడ్డున, అఫ్జల్‌గంజ్‌లో, ఒక చింతచెట్టు ఉన్నది. అప్పటికే అది వృద్ధవృక్షం. నీరు చుట్టుముట్టినప్పుడు చేతికి అందిన కొమ్మ పట్టుకొని పైకి ఎక్కినవారు సుమారు నూటయాభై మంది. వారెవరో, ఏ కులమో, ఏ మతమో ఆ చెట్టు అడగలేదు. ప్రవాహం తగ్గేదాకా వారిని మోసింది. ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలోని ఆ చెట్టు కథ ఇంతే. మిగిలినదంతా విచారం.

మూసీ అనే మాట వినగానే నేటివారికి మురుగునీరు స్ఫురిస్తుంది. పౌరాణిక స్మృతిలో అది ముచుకుందానది. దేవాసుర సంగ్రామంలో అలసి దీర్ఘనిద్ర వరంగా పొందిన ముచుకుందుడు శయనించిన గుహ అనంతగిరి కొండలలోనిదే అనీ, కాలయవనుడు ఆయన దృష్టిపాతంతో భస్మమైన తరువాత శ్రీకృష్ణ దర్శనభాగ్యం కలిగి ఆ రాజర్షి స్వామి పాదాలు కడిగిన నీరే ఈ నది అయినదనీ స్థలపురాణం. వికారాబాదు సమీపంలోని ఆ కొండలలోనే నది పుడుతుంది. పాదతీర్థంగా పుట్టిన నదే మృత్యురూపం దాల్చిన రోజున, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ బ్రాహ్మణుల సలహా మేరకు ఒడ్డున నిలిచి మూసీకి హారతి ఇచ్చి శాంతించమని ప్రార్థించాడని నగరం నేటికీ చెప్పుకుంటుంది. ఉర్దూ రుబాయీలలో అగ్రగణ్యుడైన అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తల్లిని, భార్యను, కుమార్తెను కోల్పోయి ఒంటరిగా మిగిలాడు. ఆయన కవిత్వంలోని వైరాగ్యానికి వేదాంతగ్రంథాలు మాత్రమే చదివినవారికి అందని మూలం అది.

ఆ చెట్టు ఎందుకు నిలిచింది? చింత వేరు లోతుగా దిగుతుంది. కొయ్య గట్టిది, కొమ్మ మాత్రం వంగుతుంది. పెనుగాలికి విరిగే చెట్లలో చింత చివరి వరుసలోనిది. సంస్కృతంలో దీనికి తింత్రిణి, చించ, అమ్లిక అని పేర్లు. తెలుగువాడికి దీని మీద భయమూ భక్తీ కలిసి ఉన్నాయి. రాత్రివేళ చింతకింద పడుకోకూడదంటారు, దయ్యాలకు నెలవంటారు. చింత చచ్చినా పులుపు చావదన్న సామెతా ఈ నేలదే. శ్రీవైష్ణవులకు మాత్రం చింత దేవతాత్మ. తిరుక్కురుగూరులో నమ్మాళ్వారు చింతతొర్రలో పదహారేళ్ళు మౌనయోగంలో ఉన్నారని సంప్రదాయం. ఆ వృక్షం ఆదిశేషాంశ అని విశ్వాసం. సామాన్యంగా చింతాకులు సాయంకాలానికి ముడుచుకుంటాయి, ఆ చెట్టు ఆకులు ముడవవని, అందుకే అది నిద్రించని చింత అని దానికి పేరు. లక్ష్మణుడు పద్నాలుగేళ్ళు మేల్కొన్నట్టు శేషుడే చెట్టుగా మేల్కొని ఉన్నాడన్నది భక్తుల భావన. అఫ్జల్‌గంజ్ చింతకు ఆళ్వారు ఎవరూ లేరు. నూటయాభై మంది ఒక రోజు దాని భక్తులయ్యారు.

ఒక చెట్టు జీవించి ఉన్నదని ఎలా తెలుస్తుంది? ప్రశ్న చిన్నది, దీని మీద ఉపనిషత్తు ఒక ఖండమే కేటాయించింది. ఛాందోగ్యం ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు మహావృక్షాన్ని చూపి బోధిస్తాడు. మొదట్లో గాయం చేసినా, నడుమ చేసినా, కొసన చేసినా రసం స్రవిస్తుంది, ఎందుకంటే అది జీవంతో వ్యాపించి ఉన్నది, నీరు తాగుతూ ఆనందంగా నిలిచి ఉన్నది. జీవుడు ఏ కొమ్మను విడిస్తే ఆ కొమ్మ ఎండుతుంది. రెండవదాన్ని విడిస్తే రెండవది, మూడవదాన్ని విడిస్తే మూడవది. సర్వాన్నీ విడిస్తే సర్వమూ ఎండుతుంది. జీవుడు విడిచిన దేహమే మరణిస్తుంది, జీవుడు మరణించడు అని చెప్పి, ఆ సూక్ష్మతత్త్వమే నీవు అని ఉపదేశం ముగిస్తాడు.

ఇక్కడ ఆచార్య శంకరుల భాష్యం గమనింపదగినది. సాధకులు సాధారణంగా తత్త్వమసి మీదికి త్వరగా వెళ్ళిపోయి ఈ వాక్యాలను దాటేస్తారు. రసం స్రవించడం, ఎండిపోవడం అనే చిహ్నాల వల్లా, శ్రుతి దృష్టాంతం వల్లా చెట్లకు జీవమున్నదని తేలుతున్నది కనుక, స్థావరాలు అచేతనాలన్న బౌద్ధ కాణాద మతాలు నిస్సారమని ఆయన స్పష్టంగా వ్రాశారు. జగన్మిథ్య అన్న ఆచార్యుడే చెట్టు ప్రాణం విషయంలో ఇంత నిక్కచ్చిగా వాదించడం కొందరికి ఆశ్చర్యం కలిగిస్తుంది. వ్యవహారదశలో చెట్టు ప్రాణి. అద్వైతం ఆ ప్రాణిని నరకడానికి అనుమతిపత్రం ఇవ్వదు.

బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మరొక అడుగు వేస్తాడు. మనిషి వనస్పతి వంటివాడే అంటూ అంగాంగం పోలుస్తాడు. రోమాలు ఆకులు, చర్మం పైబెరడు, రక్తం చెట్టుపాలు, మాంసం లోబెరడు, ఎముకలు కొయ్య, మజ్జ చెట్టు బెండు. పిదప సభలోని బ్రాహ్మణులను నిలదీస్తాడు: నరికిన చెట్టు మూలం నుండి మళ్ళీ మొలుస్తుంది, మృత్యువు నరికిన మనిషి ఏ మూలం నుండి మళ్ళీ మొలుస్తాడు? సభ మౌనం వహించింది. ఆ మౌనం నుండి బ్రహ్మవిచారం పుట్టింది కనుక వేదాంతులకు అది ముఖ్యం. తోటమాలికి మాత్రం ప్రశ్నలోని మొదటి సగమే చాలు. మూలం ఉంటే చెట్టు మళ్ళీ వస్తుంది.

ఉద్దాలకుని ఈ పరీక్షను నేడు అక్షరాలా ఆచరిస్తున్నవారు బోన్సాయ్ పెంచేవారు. జపాను భాషలో ఆ మాటకు పళ్ళెంలో నాటినది అని అర్థం. తెలుగులో వామనవృక్షం అని అందమైన పేరు స్థిరపడింది. కళ చీనాలో పుట్టి జపానులో పరిణతి పొందింది. ప్రాచీన భారతంలోనే ఋషులు దీన్ని కనిపెట్టారన్న మాట వినడానికి ఇంపుగా ఉంటుంది, అంత తొందరపాటు అవసరం లేదు. మన శాస్త్రానికి చెప్పుకోదగ్గ ఘనత వేరే ఉన్నది, అది ముందు తెలుస్తుంది. హైదరాబాదు మిద్దెల మీద మర్రి, రావి, జువ్వి, చింత ఇలా పళ్ళేలలో పెరుగుతున్నాయి. చింత ఆ పనికి ఎంతో అనువైనది, చిన్న ఆకు, ముడతలు పడే బెరడు. నాలుగంగుళాల మట్టిలో పదేళ్ళకే శతాబ్దం నాటి చెట్టు ఆకారం తెచ్చుకుంటుంది.

అశ్వత్థాన్ని, వటాన్ని ఇలా కుదించడం అపచారమని కొందరు ఆస్తికులు భావిస్తారు. భావన తోసిపుచ్చదగినది కాదు. స్థావరాలకు అంతఃసంజ్ఞ, సుఖదుఃఖాలు ఉన్నాయని మనుస్మృతి ప్రథమాధ్యాయమే అంటున్నది. ఫలవృక్షాన్ని నరికినవానికి నూరు ఋక్కుల జపం ప్రాయశ్చిత్తంగా విధించినదీ అదే స్మృతి. అయితే పళ్ళెంలోని చెట్టును ప్రతిదినం చూసి, నీరు పెట్టి, రెండు మూడేళ్ళకోసారి మట్టి మార్చి మూడు తరాలు బతికించేవాడు ఒకడు, వీధిలోని చెట్టు మొదట్లో తారు పోసి మరచిపోయేవాడు ఒకడు. హింస ఎవరి చేతిలో ఎక్కువ? హిరోషిమాలోని యామాకీ కుటుంబం పెంచిన తెల్లపైన్ వామనవృక్షం 1625 నుండి సాకబడుతున్నది. 1945 ఆగస్టులో అణుబాంబు పడిన చోటికి మూడు కిలోమీటర్ల లోపే ఉండి, తోటగోడ చాటున బతికింది. 1976లో ఆ కుటుంబం దానిని అమెరికాకు కానుకగా ఇచ్చింది. ఏ దేశం బాంబు వేసిందో ఆ దేశానికే. ఇచ్చేటప్పుడు దాని గతం చెప్పనే లేదు, 2001లో మనుమలు వాషింగ్టన్ వచ్చి చూసుకున్నప్పుడు కాని లోకానికి తెలియలేదు. నిష్కామకర్మకు ఉదాహరణలు వెదికేవారు దీనిని గుర్తుంచుకోవచ్చు.

ఇక వాడిపోతున్న వామనవృక్షాన్ని బతికించే పద్ధతి. ఆకులు రాలి కొమ్మలు బోడిగా నిలిచినప్పుడు మొదట గోటితో కొమ్మ బెరడును కాస్త గీరి చూస్తారు. లోపల పచ్చగా, తడిగా ఉంటే జీవుడు ఆ కొమ్మను విడవలేదు. గోధుమరంగుగా, పొడిగా ఉంటే విడిచాడు. కొసనుండి మొదటికి గీరుతూ వస్తే ఎక్కడిదాకా ప్రాణమున్నదో అంత స్పష్టంగా తెలుస్తుంది. ఉద్దాలకుడు కొస, నడుమ, మొదలు అని మూడు చోట్లు చెప్పడంలోని నిశితత్వం అప్పుడు బోధపడుతుంది. ఎండిన భాగాన్ని తీసివేస్తారు. తరువాత పళ్ళెంలోనుండి ఎత్తి వేళ్ళు చూస్తారు. చాలా చెట్లు దాహంతో చావవు, అతిజలంతో చస్తాయి. నీరు నిలిచిన మట్టిలో వేళ్ళకు గాలి ఆడదు, అవి నల్లబడి మెత్తబడి దుర్గంధం వేస్తాయి. కుళ్ళిన వేళ్ళు శుభ్రమైన కత్తితో కోసి, ఇటుకముక్కలు, ముతక ఇసుక కలిపి నీరు సులువుగా జారే మట్టిలో మళ్ళీ నాటి, తీవ్రమైన ఎండ తగలని చోట ఉంచుతారు. ఎరువు వేయరు. ఇది చాలామంది అతృతలో తప్పే నియమం. జ్వరం తగ్గని రోగికి ఆయుర్వేదం గురుభోజనం పెట్టదు, లంఘనం తరువాత పేయ, ఆపై క్రమంగా అన్నం. వేరు లేని చెట్టుకు ఎరువూ అంతే. ఆపైన చేయవలసినది నిరీక్షణ ఒక్కటే, అది అన్నిటికంటె కష్టం.

ఈ చికిత్సాక్రమం మన శాస్త్రానికి కొత్త కాదు. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయం కేటాయించాడు. శీతం, వాతం, ఆతపం వల్ల చెట్టుకు రోగం వస్తుందంటాడు. లక్షణాలు నాలుగు: ఆకులు పాలిపోవడం, చిగుళ్ళు ఎదగకపోవడం, కొమ్మలు ఎండడం, రసం కారడం. చికిత్సలో మొదటిది శస్త్రంతో శోధనం, అంటే చెడిన భాగాన్ని కోసి శుభ్రపరచడం. పిదప వాయువిడంగం, నెయ్యి, బురద కలిపిన లేపనం. ఆ తరువాత పాలు కలిపిన నీటితో తడపడం. సుమారు వెయ్యేళ్ళ క్రిందటి సురపాలుడు ఇంకా విస్తరించి చెట్టు రోగాలను వాతజ, పిత్తజ, కఫజాలుగా విభజించి, చుట్టూ ఉన్న నేలనూ ఋతువునూ బట్టి ఔషధం చెప్పాడు. మాంసాదులను పులియబెట్టి చేసే కుణపజలం అనే పోషకద్రవం ఆ గ్రంథంలో ప్రసిద్ధం. సాత్త్వికులకు ముఖం చిట్లింపజేసే వస్తువే, చెట్టుకు మాత్రం ప్రీతి.

ఆ గ్రంథం తిరిగి వెలుగు చూసిన వృత్తాంతానికి ఈ నగరంతో సంబంధం ఉన్నది. సురపాలుని వృక్షాయుర్వేద ప్రతి ఒకటి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉండిపోయింది. వ్యవసాయశాస్త్రవేత్త వై.ఎల్. నేనె దానిని తెప్పించగా, ఉస్మానియా విశ్వవిద్యాలయ సంస్కృత విదుషి నళినీ సాధలే ఆంగ్లంలోకి అనువదించారు. 1996లో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ ప్రకటించింది. మూడువందల పాతిక శ్లోకాల చిన్న గ్రంథం. అఫ్జల్‌గంజ్ నుండి సికింద్రాబాదు ఎంత దూరం! వరదలో మనుషులను కాచిన చెట్టుకు ఒక ఒడ్డున, చెట్లను కాచే శాస్త్రానికి మరొక కొసన ఒకే నగరం నీడ ఇచ్చింది.

వరాహమిహిరుని అధ్యాయంలోనే నేటి నగరవాసికి ఎక్కువ పనికివచ్చే మాట మరొకటి ఉన్నది. చెట్టుకూ చెట్టుకూ మధ్య ఇరవై హస్తాలు ఉత్తమం, పదహారు మధ్యమం, పన్నెండు అధమం అంటాడు. కారణమూ చెబుతాడు. దగ్గర దగ్గరగా పుట్టి, వేళ్ళు పెనవేసుకొని ఒకదానినొకటి తాకే చెట్లు పీడింపబడి సరిగా ఫలించవు. ఇరవై హస్తాలంటే ముప్ఫై అడుగులు. నగరంలో ఏ చెట్టుకు ముప్ఫై అడుగుల మన్ను మిగిలింది? మొదలు చుట్టూ మూడడుగులు దాటక ముందే తారో, కాలిబాట రాళ్ళో, కాంక్రీటో వచ్చి ముగుస్తుంది. నీరు లోనికి దిగదు, గాలి ఆడదు, వేరు పరచుకోదు. లక్షణాలు వరాహమిహిరుడు చెప్పిన నాలుగే. వీధిలోని ప్రతి మహావృక్షమూ కోరని బోన్సాయ్ అయింది, పళ్ళెంలోని చెట్టుకు ఉన్న యజమాని దీనికి లేడు, మట్టి మార్చే చెయ్యి లేదు. వామనుడు బలిచక్రవర్తిని మూడడుగులే అడిగాడు, దొరకగానే త్రివిక్రముడయ్యాడు. చెట్టు అంత కూడా అడగలేకపోతున్నది. ఢిల్లీలో చెట్ల మొదళ్ళ చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించాలని 2013 ఏప్రిల్‌లో జాతీయ హరిత న్యాయస్థానం ఆదేశించవలసి వచ్చింది. ఒక మీటరు అంటే ఇంచుమించు మూడడుగులే.

ఇందులో భక్తుల వంతు కూడా ఉన్నది, అది చెప్పక తప్పదు. పూర్వం గ్రామంలో రావిచెట్టు చుట్టూ కట్టిన రచ్చబండ మట్టితోనూ రాళ్ళతోనూ ఉండేది. రాళ్ళ సందులలోనుండి వాననీరు దిగేది. నేడు అదే ఆలయప్రాంగణంలో రావికి సిమెంటు అరుగు, దానిమీద మెరిసే పలకలు, చుట్టూ ఇనుపకంచె, దాతల పేర్లతో శిలాఫలకం. మొదలు కనబడకుండా బిగించి కట్టిన తరువాత దానికే నూట ఎనిమిది ప్రదక్షిణలు. బెరడుకు ఆనించి వెలిగించిన దీపం సెగ, దిగగొట్టిన మేకులకు తగిలించిన పటాలు, మొదట్లో పేరుకున్న నూనె. చెట్టు కొన్నేళ్ళకు ఎండితే దైవాగ్రహం అంటారు. గీతలో భగవానుడు వృక్షాలలో అశ్వత్థాన్ని నేనని చెప్పుకున్నాడు, ఆ మాటను నిజంగా నమ్మినవాడు భగవంతుని గొంతు చుట్టూ సిమెంటు పోయడు. పాలు పోయదలచినవారికి వరాహమిహిరుడు మార్గం చూపే ఉన్నాడు: నీటిలో కలిపి, మట్టిలోకి, అదీ చికిత్స తరువాత.

రోగం ముదిరిన మహావృక్షాన్ని తిరిగి నిలబెట్టిన ఉదాహరణ తెలంగాణలోనే ఉన్నది. మహబూబ్‌నగర్ సమీపంలోని పిల్లలమర్రి సుమారు ఏడు శతాబ్దాల నాటిదని ప్రతీతి, మూడెకరాలకు పైగా పరచుకున్నది. చెదలు లోలోపల తినివేయగా 2017 డిసెంబరులో పెద్దకొమ్మ ఒకటి కూలింది. సందర్శకులను ఆపివేశారు. తరతరాలుగా కొమ్మలపై ఎక్కి ఊగినవారు, బెరడుపై పేర్లు చెక్కినవారు అంతవరకూ ఆ చెట్టుకు చేసినదేమీ తక్కువ కాదు. మొదట చెట్టులో రంధ్రాలు చేసి మందు ఎక్కించారు, అది బయటికే కారిపోయింది. 2018 ఏప్రిల్ ప్రాంతంలో మరొక ఉపాయం తోచింది. ఆసుపత్రిలో రోగికి ఎక్కించే సెలైన్ సీసాలలో పలుచన చేసిన క్లోరోపైరిఫాస్ నింపి, చెట్టుకు వందలకొద్దీ వేలాడదీసి, బొట్టు బొట్టుగా ఎక్కించారు. బొట్టుగా ఇచ్చినది చెట్టు తీసుకున్నది. బరువు మోయలేని కొమ్మలకు స్తంభాలు ఆనించారు, మొదళ్ళలో కొత్త మట్టి, ఎరువు పోశారు.

మహాభారతం శాంతిపర్వంలో భృగువు భరద్వాజునికి చెట్లు పాదాలతో నీరు తాగుతాయని, రోగానికి లోనవుతాయని, చికిత్సకు లొంగుతాయని, కనుక వాటికి రసనేంద్రియం ఉన్నదని వాదిస్తాడు. పాదప శబ్దానికి అర్థం అదే, పాదంతో తాగేది. పిల్లలమర్రి కింద వేలాడిన సీసాలు ఆ వాదానికి నిలువెత్తు నిదర్శనం. ఒక్కసారిగా పోస్తే ఉమిసి, బొట్టుగా ఇస్తే మింగిన దానిని అచేతనం అనడానికి కాణాదులైనా కొంత తటపటాయిస్తారు.

మర్రి విషయంలో మరొక విచిత్రం. కలకత్తా సమీపంలోని శిబ్‌పూర్ వృక్షోద్యానంలోని మహావటం 1864, 1867 తుపానులలో దెబ్బతిని, శిలీంధ్రం సోకి, చివరకు 1925లో దాని మూలకాండాన్నే తొలగించారు. కాండం పోయి వందేళ్ళు అవుతున్నది, చెట్టు ఊడల మీద నిలిచి ఇంకా పెరుగుతున్నది. ఏది ఆ చెట్టు? పుట్టిన కాండం లేదు, చెట్టు ఉన్నది. ఆత్మ దేహం కాదని చెప్పే వేదాంతికి ఇంతకంటె సుందరమైన దృష్టాంతం దొరకదు. చింతకు ఊడలు ఉండవు. దాని మొదలు పోతే అంతా పోయినట్టే. అఫ్జల్‌గంజ్ చెట్టు విషయంలో జాగ్రత్త ఎక్కువగా ఉండవలసినది అందుకే.

అఫ్జల్‌గంజ్ అన్న పేరు ఐదవ నిజాము అఫ్జలుద్దౌలా పేరు మీద వచ్చింది. ధాన్యం వర్తకులకు ఆయన ఇచ్చిన నేల అది. 1866 నాటి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఇక్కడే ఉండేది. క్లోరోఫారం ప్రయోగం సురక్షితమా కాదా అని ఎడ్వర్డ్ లారీ నాయకత్వంలో 1888, 1889లలో జరిగిన హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ల కీర్తి ఈ వైద్యశాలతోనే ముడిపడి ఉన్నది. మరికొన్నేళ్ళకు జగదీశచంద్ర బోసు అదే క్లోరోఫారంతో మొక్కలు కూడా స్పృహ తప్పుతాయని చూపించాడు. ఈ రెండు వాస్తవాలు ఒకచోట కలిపి చూసుకున్నవారికి ఆ చింతచెట్టు మరికొంత దగ్గరవుతుంది. పాత ఆసుపత్రిని 1908 వరద కొట్టుకుపోయింది.

వరద తరువాత 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన నీటిని ఆపాలన్న ఆయన సూచన ఫలితమే 1920 నాటి ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్. ఏడవ నిజాము కాలంలో విన్సెంట్ ఎష్ రూపకల్పనలో నదికి ఎదురుగా గుమ్మటాలతో ఉస్మానియా ఆసుపత్రి లేచి 1925 నాటికి పూర్తయింది. కలకత్తా మర్రి కాండం పోయిన ఆ ఏడే అఫ్జల్‌గంజ్ చింత చుట్టూ వైద్యశాల వెలసింది. శిల్పి భవనాన్ని కట్టాడు, చెట్టును ఉండనిచ్చాడు. రాజులు చేసిన దానాలలో ఇదొకటి శాసనానికి ఎక్కలేదు.

ఛాందోగ్యంలోనే ఐదవ అధ్యాయంలో ప్రాణవిద్య బోధించి సత్యకామ జాబాలుడు వైయాఘ్రపద్యుడైన గోశ్రుతితో ఒక మాట అంటాడు. ఈ విద్యను ఎండిన మోడుకు చెప్పినా కొమ్మలు పుడతాయి, ఆకులు తొడుగుతాయి. మోడుకే అలా అయితే జీవించి ఉన్న మనిషికి చెప్పనేల అని శంకరులు దానికి విద్యాస్తుతిగా అర్థం చెప్పారు. బోన్సాయ్ సాకేవారు ఆ వాక్యాన్ని స్తుతిగా తీసుకోరు. కోసిన వేళ్ళతో, ఒక్క ఆకు లేకుండా, నీడలో పెట్టిన చింతమోడు దగ్గరికి వారు ప్రతి ఉదయం వెళ్ళి చూస్తారు. వేరు పట్టినదైతే బెరడు ముడతల మధ్య ఎర్రని సూదిమొన వంటిది కనిపిస్తుంది. రెండు దినాలకు అది విచ్చుకొని లేత చింతచిగురు అవుతుంది. చైత్రవైశాఖాలలో తెలంగాణ వంటిళ్ళలో పప్పులోకి వచ్చే చిగురు అదే.